గాయపడినవాడికి పక్షం లేదు



యుద్ధం అనగానే అది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనిపిస్తుంది. రాజులు, సేనాపతులు, గెలుపోటములు - మనం బడిలో చదువుకున్న చరిత్ర కూడా అంతే కదా! కాని యుద్ధంలో సైతం మనిషిని మనిషిగా చూడాలని చెప్పే చట్టం ఒకటి ఉన్నది. గాయపడినవాడు శత్రువైనా వైద్యం చేయాలి. ఆ వైద్యం చేసే డాక్టరును, నర్సును ముట్టుకోరాదు. చేతికి చిక్కిన ఖైదీని చంపరాదు, హింసించరాదు. జెనీవా ఒప్పందాలు అని పత్రికలలో చూస్తుంటామే, అవే ఇవి. ఈ చట్టం వెనుక పేరు తెలియని ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ సంగతి మనం తెలుసుకోవద్దూ?

1859 జూన్ 24న ఉత్తర ఇటలీలో సోల్ఫెరినో అనే ఊరి దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. ఒక పక్క ఫ్రాన్సు, సార్డీనియా సైన్యాలు. ఎదుట ఆస్ట్రియా సైన్యం. ఒక్క పగటిపూటలో వేలకు వేలమంది నేలకూలారు. కొన ఊపిరితో ఉన్నవాళ్ళను బండ్ల మీద పక్కనున్న కాస్తిల్యోనె అనే చిన్న ఊరికి చేర్చారు. చర్చీలు నిండాయి, ఇళ్ళు నిండాయి, చివరికి వీధులలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. వైద్యులు చూద్దామంటే వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. దాహమో అని అరిచేవాళ్ళకు గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదు.

అప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు ముందుకు వచ్చారు. నీళ్ళు మోశారు, చారు కాచి తాగించారు, పుండ్లు కడిగారు, బట్టలు చింపి కట్లు కట్టారు. తమవైపు పోరాడినవాళ్ళు, తమ నేలను మొన్నటిదాకా ఏలిన ఆస్ట్రియావాళ్ళు - ఇద్దరూ పక్కపక్కనే పడి ఉన్నారు. ఆ తల్లులు తేడా చూపించలేదు. అందరూ అన్నదమ్ములే కదా అన్నారట.

ఇదంతా కళ్ళారా చూసినవాడు హెన్రీ డ్యునాంట్ అనే 31 ఏళ్ళ స్విస్ వ్యాపారి. తన వ్యాపారం పని మీద ఫ్రెంచి చక్రవర్తిని కలుసుకుందామని వచ్చి, ఆ పని మాట మరచి క్షతగాత్రుల సేవలో దిగాడు. ఇంటికి వెళ్ళాక 1862లో ఒక చిన్న పుస్తకం రాసి, రెండు ప్రశ్నలు వేశాడు. శాంతికాలంలోనే ప్రతి దేశంలోను సేవాసంఘాలను తయారుచేసి ఉంచుకోలేమా? గాయపడినవాళ్ళ జోలికి, వాళ్ళకు సేవ చేసేవాళ్ళ జోలికి పోబోమని దేశాలన్నీ ఒక మాట అనుకోలేవా? మొదటి ప్రశ్నకు జవాబు 1863లో పుట్టిన రెడ్‌క్రాస్. రెండవ ప్రశ్నకు జవాబు 1864 ఆగస్టు 22న 12 దేశాలు సంతకం చేసిన మొదటి జెనీవా ఒప్పందం.

ఆ ఒప్పందంలో ఉన్నవి పదే పది నిబంధనలు. అందులో అయిదవది ఇల్లాళ్ళం మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగినది. గాయపడిన సిపాయికి ఏ ఇంట్లో చోటిచ్చి సేవ చేస్తున్నారో, ఆ ఇంటికి రక్షణ ఉంటుంది. ఆ ఇంటివారు సైనికులకు బస ఇవ్వనక్కరలేదు, యుద్ధపన్నులో కొంత మినహాయింపు కూడా ఉంటుంది! అంటే కాస్తిల్యోనె ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే చేసిన పని అయిదేళ్ళు తిరిగేసరికి చట్టంలోకి ఎక్కిందన్నమాట.

ఇక ఖైదీల సంగతి. మనకు ఈ ధర్మం కొత్తదేమీ కాదు. పోతనగారి భాగవతంలో నిద్రపోతున్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. అయిదుగురు కొడుకులను పోగొట్టుకున్న ఆ తల్లి ఏమన్నది? ఇతన్ని విడిచిపెట్టండి, నేను ఏడ్చినట్టు ఇతని తల్లి కృపి ఏడవకూడదు అన్నది. భీముడికి ఆ మాట రుచించలేదు. కాని ద్రౌపది శత్రువును చూడలేదమ్మా, శత్రువు తల్లిని చూసింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం రాగానే జెనీవాలో జరిగింది కూడా అదే. లక్షలమంది సైనికులు జాడ లేకుండా పోయారు. బతికి ఉన్నాడా, పోయాడా, ఖైదులో ఉన్నాడా అని తల్లులు, భార్యలు రాసే ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. రెడ్‌క్రాస్‌వారు ఒక కార్యాలయం తెరిచి, మనిషికొక కార్డు రాయడం మొదలుపెట్టారు. వెయ్యిమందికి పైగా స్వచ్ఛందంగా పనిచేస్తే వారిలో ఎక్కువమంది స్త్రీలే. మన రామకృష్ణ పరమహంస చరిత్ర రాసిన రొమేన్ రోలా కూడా వారితో కలిసి కొంతకాలం పనిచేశాడు. యుద్ధం ముగిసేసరికి 70 లక్షల కార్డులు తయారైనాయి. ఆ అనుభవంతోనే 1929లో యుద్ధఖైదీల కోసం వేరే ఒప్పందం రాసుకున్నారు.

రాసుకున్నంత మాత్రాన సరిపోయిందా? లేదు. రెండవ ప్రపంచయుద్ధంలో, 1942 ఫిబ్రవరిలో, సింగపూరు నుండి బయలుదేరిన ఒక ఓడలో 65 మంది ఆస్ట్రేలియా నర్సులు ఉన్నారు. విమానాలు ఆ ఓడను ముంచేశాయి. ప్రాణాలతో బయటపడినవారిలో 22 మంది నర్సులు బంకా ద్వీపం ఒడ్డుకు చేరారు. ఒడ్డున ఉన్న మామూలు స్త్రీలు, పిల్లలు ఊరివైపు నడిచి వెళ్ళిపోయారు. నర్సులూ వెళ్ళిపోవచ్చు. కాని గాయపడినవాళ్ళను వదిలి ఎలా వెళ్తాం అని ఉండిపోయారు. ఫిబ్రవరి 16న జపాను సైనికులు వచ్చి, ముందు మగవాళ్ళను చంపి, తరవాత ఈ నర్సులను సముద్రంలోకి నడవమని వెనుకనుంచి కాల్చారు. వాళ్ళ చేతికి ఎర్ర సిలువ గుర్తు ఉంది. గుర్తును గౌరవిస్తామన్న ఒప్పందాన్ని జపాను ఆమోదించే ఉన్నది.

21 మంది పోయారు. వివియన్ బుల్వింకిల్ అనే 26 ఏళ్ళ నర్సు ఒక్కతే మిగిలింది. నడుం దగ్గర గుండు దిగినా, చచ్చినట్టు నీళ్ళలో తేలుతూ ప్రాణం దక్కించుకుంది. ఒడ్డుకు వచ్చాక ఆమె చేసిన మొదటి పని ఏమిటనుకున్నారు? గాయపడిన ఒక బ్రిటిష్ సిపాయి కనిపిస్తే, అడవిలో దాచి పన్నెండు రోజులు అతనికి సేవ చేసింది! తరవాత లొంగిపోయి, గుండు తగిలిన చోటు కనబడకుండా నీళ్ళసీసా అడ్డం పెట్టుకుని ఖైదులో చేరింది. జరిగినది తెలిసిన సాక్షి అని పసిగడితే చంపేస్తారు మరి. తోటి నర్సులు కూడా మూడున్నరేళ్ళు ఆ రహస్యం కడుపులో దాచుకున్నారు. యుద్ధం ముగిశాక టోక్యో విచారణలో వివియన్ నిలబడి అంతా చెప్పింది.

ఇలాంటివి ఎన్నో చూసిన తరవాతనే 1949 ఆగస్టు 12న నాలుగు జెనీవా ఒప్పందాలు వచ్చాయి. ఈనాడు ప్రపంచ దేశాలన్నీ వాటిని అంగీకరించాయి. మన దేశం 1950లో అంగీకరించి, 1960లో పార్లమెంటులో చట్టం కూడా చేసింది. ఈ ఒప్పందాల ప్రకారం, ముందు ఎవరికి వైద్యం అనేది గాయాన్ని బట్టే, జెండాను బట్టి కాదు. గాయపడినవాడికి సేవ చేసినందుకు ఎవరినీ శిక్షించరాదు. అయితే ఆ రక్షణ సేవకే సుమండీ! అంబులెన్సులో తుపాకిగుండ్లు తరలిస్తే, హెచ్చరించిన తరవాత కూడా మానకపోతే, ఆ రక్షణ పోతుంది. ఇక ఖైదీ తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య తప్ప మరేమీ చెప్పనక్కరలేదు. శిబిరానికి చేరిన వారంలోగా ఇంటికి కార్డు రాసుకోనివ్వాలి. నెలకు రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులకు తగ్గరాదు. రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చి, కాపలావాళ్ళు వినకుండా ఖైదీతో మాట్లాడవచ్చు.

1971 యుద్ధంలో దాదాపు 93 వేలమంది పాకిస్తానీయులు మన చేతికి చిక్కారు. మనవాళ్ళు కొందరు అటు చిక్కారు. రెండు వైపులా రెడ్‌క్రాస్‌వారు శిబిరాలు చూసి వచ్చారు. మన దగ్గర ఉన్నవారిలో ఆఖరివారు 1974 ఏప్రిల్‌లో ఇళ్ళకు చేరారు. రావల్పిండిలోనో లాహోరులోనో ఒక ముసలితల్లి తలుపు తీసి కొడుకును చూసుకున్నదంటే, దాని వెనుక ఈ కాగితాలు ఉన్నాయి.

అయినా ఆసుపత్రుల మీద బాంబులు పడుతూనే ఉన్నాయి కదా అంటారు. నిజమే. 2015 అక్టోబరు 3న అఫ్ఘానిస్తాన్‌లోని కుందుజ్‌లో అమెరికా విమానం ఒక ఆసుపత్రిని కాల్చితే రోగులు, డాక్టర్లు, నర్సులు 42 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడు భద్రతామండలి మళ్ళీ ఒక తీర్మానం చేయవలసి వచ్చింది. కాని దొంగతనాలు ఆగడం లేదని మనం తలుపుకు గడియ వేయడం మానుకుంటామా? చట్టం ఉన్నది కనుకనే తప్పును తప్పు అని నిలదీయగలుగుతున్నాం. లేకపోతే వివియన్ సాక్ష్యం వినేవారెవరు?

ఇళ్ళలో కూర్చున్న మనం ఏం చేయగలం అంటారేమో. ఖైదీని జనం ముందు హేళనకు, వింతకు గురిచేయరాదని ఈ ఒప్పందాలలోనే రాసి ఉన్నది. టీవీలోనో, ఫోనులోనో చేతులు కట్టేసిన శత్రుసైనికుడి బొమ్మ చూపించి ఎవరైనా నవ్వుతుంటే, మనం నవ్వవద్దు. దాన్ని ఇంకొకరికి పంపవద్దు. పక్కనున్న పిల్లలకు ద్రౌపది కథ చెబుదాం. ఆ కుర్రవాడి ఇంట్లో కూడా ఒక తల్లి అన్నం వడ్డించి ఎదురుచూస్తూ ఉంటుందని చెబుదాం.