మచ్చ తుడిచేముందు

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద తలెత్తి నడిస్తే చాలు, అక్షరాభ్యాసం మళ్ళీ మొదలవుతుంది. అన్ని బోర్డులు మరి! ఒక్కో మేడకీ నాలుగేసి కోచింగ్ సెంటర్లు వేలాడుతూంటాయి. ఒకే మెట్ల మీద బ్యాంకు పరీక్షల పిల్లలూ, కంప్యూటరు నేర్చుకునే పిల్లలూ భుజాలు రాసుకుంటూ ఎక్కుతూంటారు. అలాంటి ఒక మేడ మూడో అంతస్తులో నేను ఫోటో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. డిగ్రీలో చరిత్ర చదివి ఇదేవిటే, చరిత్రకీ ఫోటోలు దిద్దడానికీ ఏం సంబంధం అని మా వాళ్ళందరూ అడిగారు. సంబంధం ఉందండీ. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

మా ఇల్లు ఎల్‌బీ నగర్‌లో. లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరు మీద వెలసిన లాల్‌బహదూర్ నగర్ మన నోళ్ళలో పడి ఎల్‌బీ నగర్ అయింది. దిల్‌సుఖ్‌నగర్ పేరు వెనకాల దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే ఆసామి ఉన్నాడంటారు. ఆయన పొలాలు ప్లాట్లయ్యాయి, పేరు మాత్రం మిగిలింది. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్‌బీ నగర్ దాకా వచ్చాక మాకు ఈ రాకపోకలు మూడు స్టేషన్ల పనైపోయింది. ఆ దారిలోనే విక్టోరియా మెమోరియల్ స్టేషను తగుల్తుంది. 1901లో విక్టోరియా రాణి పోయాక ఆమె జ్ఞాపకార్థం, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, అనాథ పిల్లల కోసం వెలసిన సంస్థ పేరది. ఆ స్టేషను దాటుతున్నప్పుడల్లా నాకు ఆ నిజాంగారి కన్నా ఆయన ఫోటోగ్రాఫరే గుర్తొస్తాడు.

ఆయన లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో సర్కారు ఉద్యోగం చేస్తూ, సరదాకి కెమెరా పట్టుకున్నాడు. సరదా కాస్తా వృత్తి అయింది. 1880ల్లో హైదరాబాదు చేరి నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. నిజాం ఆయన్ని 'రాజా' అనీ, 'ముసవ్విర్ జంగ్' అనీ బిరుదులిచ్చి గౌరవించాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడనే అర్థం. కత్తి పట్టకుండా జంగ్ బిరుదు సంపాదించడం మాటలా!

ఆయన చేసిన పనుల్లో మన ఆడవాళ్ళం ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఒకటుంది. ఆ రోజుల్లో గోషా ఇళ్ళ ఆడవాళ్ళు ఫోటో దిగడమంటే పరాయి మగాడి ముందు ముసుగు తీసి కూర్చోవడమే. అది జరిగే పని కాదు. అంచేత 1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే ఒక జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని. కెమెరా ముందూ ఆడవాళ్ళే, వెనకా ఆడవాళ్ళే. నూటముప్ఫై ఏళ్ళ కిందట మన ఊళ్ళో ఒక ఆడమనిషి తన ముఖాన్ని తన ఇష్టప్రకారం కాగితం మీద చూసుకోగలిగిందంటే, అది ఎంత పెద్ద ముచ్చటై ఉంటుందో ఊహించుకోండి.

అప్పుడు ఫోటో పడేది గాజు పలక మీద. దీన్‌దయాళ్ స్టూడియో గాజు పలకలు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. ఇలాంటి పాత ఫోటోలు చూసేటప్పుడు చరిత్ర చదివినవాళ్ళ కళ్ళు నవాబుగారి ముఖం దగ్గర ఆగవు. కుర్చీ కింద తివాసీ ఎలాటిది, వెనకాల నించున్న నౌకరు కాళ్ళకు చెప్పులున్నాయా లేదా, ఇవి చూస్తాం. ఫోటో దిగినవాళ్ళు పట్టించుకోనివే ఇవాళ మనకి సాక్ష్యాలు.

అలాగని ఆ కాలపు ఫోటోలన్నీ నిజమే చెప్పాయనుకునేరు! ఎడిటింగ్ అనేది కంప్యూటర్లతో వచ్చిన మాయరోగం అని మన పెద్దవాళ్ళ నమ్మకం. కెమెరా ఎంత పాతదో అదీ ఇంచుమించు అంతే పాతది. స్టూడియోల్లో చెక్కిన పెన్సిలూ, సన్నని చాకూ, కుంచే పెట్టుకుని ఒకాయన కిటికీ దగ్గర కూర్చునేవాడు. నెగిటివులో అంతా తారుమారు కదా, అక్కడ నలుపైనది ఫోటోలో తెలుపవుతుంది. ముఖం మీద గుంట ఉంటే దాని నీడ ఫోటోలో నల్లగా పడుతుంది. నెగిటివులో సరిగ్గా ఆ చోట పెన్సిలుతో సన్నసన్నగా గీస్తే ఫోటోలో గుంట పూడిపోతుంది. ముడతలు, మచ్చలు, కంటికింద నలుపు, అన్నిటికీ ఇదే వైద్యం. ఆ తరవాత నలుపు తెలుపు ఫోటోకి రంగులు అద్దడం ఇంకో విద్య. బొట్టుకి ఎరుపు, నగలకి పసుపు, చీరకి ఆ ఇంటివాళ్ళు చెప్పిన రంగు.

చీకటిగదిలో చేసే ఆ పనుల పేర్లే ఇవాళ మా కంప్యూటరు తెర మీదా ఉన్నాయి. 'డాడ్జ్' అనే పనిముట్టు బొమ్మ చూస్తే పుల్లకి గుచ్చిన అట్టముక్కలా ఉంటుంది. పూర్వం ఫోటో కాగితం మీద వెలుతురు పడకుండా నిజంగానే అట్టముక్క అడ్డం పెట్టేవారు. 'బర్న్' బొమ్మ ముడిచిన చెయ్యి. వేళ్ళ సందుల్లోంచి కావలసిన చోటికే వెలుతురు వదిలేవారు. పదిహేనేళ్ళ పిల్లలు ఆ బొమ్మలు రోజూ నొక్కుతూంటారు, అది ఎవరి చెయ్యో వాళ్ళకి తెలీదు.

కంప్యూటరులోకి ఫోటో ఎలా వచ్చిందనేదీ ఒక ఇంటి కథే. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు మూడు నెలల తన కొడుకు ఫోటోని మొట్టమొదట కంప్యూటరుకి ఎక్కించాడు. అడ్డం 176, నిలువు 176 చుక్కలు. మనకి చుక్కల ముగ్గు కొత్తేం కాదు కాబట్టి ఇట్టే అర్థమవుతుంది. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ ఫిల్ము లేని కెమెరా కట్టాడు. బరువు 3.6 కిలోలు, ముగ్గు మొత్తం 10,000 చుక్కలు, ఒక్క ఫోటో క్యాసెట్టులోకి ఎక్కడానికి 23 సెకన్లు. 1987లో థామస్ నోల్, అతని తమ్ముడు జాన్ కలిసి మొదలుపెట్టిన ఫోటోషాప్‌ని 1990లో అడోబీ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. దాని మహిమ చూపించడానికి జాన్ వాడిన ఫోటో, సముద్రపొడ్డున అటు తిరిగి కూర్చున్న ఒక అమ్మాయిది. అతను పెళ్ళాడబోయే అమ్మాయే. 2002లో ఆ ఫోటోషాప్‌లోకి 'హీలింగ్ బ్రష్' వచ్చింది. మచ్చ మీద రాస్తే పక్క చర్మం తెచ్చి పూడ్చేస్తుంది. గాయం మాన్పే కుంచె అని పేరు. ఎవరి గాయం అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న నాకు ప్రాజెక్టులో ఎదురైంది. కోర్సులో మొదటి ప్రాజెక్టు వెనకాల తెర మార్చడం, రెండోది విడివిడి ఫోటోలు ఒకటిగా అతకడం. మూడోది చెడిపోయిన పాత ఫోటోని బాగుచెయ్యడం. నేను పోయిన మా అమ్మమ్మవి రెండు ఫోటోలు తెచ్చుకున్నాను. ఒకటి పెళ్ళైన కొత్తలో, 1963లో నల్లగొండలో తీయించుకున్నది. తాతయ్య కుర్చీలో, అమ్మమ్మ పక్కన నిలబడి, వెనకాల తెర మీద గీసిన స్తంభాలూ, పూలతోటా. రెండోది ఇరవై ఏళ్ళ తరవాత మా చిన్నమ్మ పెళ్ళిలో తీసింది.

రెండో ఫోటోలో అమ్మమ్మ ముఖం నిండా మశూచి మచ్చలు. ఏడేళ్ళప్పుడు ఆమెకి అమ్మవారు పోసింది. ఇంట్లో వేపమండలు పరిచి పడుకోబెట్టారు. ఈవిడ బతికింది, పక్కన పడుకున్న చెల్లెలు బతకలేదు. మొదటి ఫోటోలో మాత్రం ఒక్క మచ్చ లేదు, చెంపలు పాలరాయిలా ఉన్నాయి! బాగా పెద్దది చేసి చూస్తే తెలిసింది, చెంపల నిండా చీమకాళ్ళంత సన్నని పెన్సిలు గీతలు. నల్లగొండ స్టూడియోలో ఎవరో ఓపిగ్గా కూర్చుని ఒక్కో గుంటా పూడ్చారు. నాకన్నా అరవై ఏళ్ళ ముందే మా అమ్మమ్మ ముఖానికి ఎడిటింగ్ జరిగిపోయింది.

ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. "రెండో దాంట్ల కూడ ఆ మచ్చలు తీసెయ్యవే, అమ్మ ఎంత మంచిగ కనబడ్తదో!" అంది చిన్నమ్మ. మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మచ్చలు తీసేస్తే ఆమె మా అమ్మ ఎట్లైతది? చిన్నప్పుడు నేను ఆ చెంపలు తడుముకుంటనే నిద్రపోయిన" అంది.

నేనాలోచించాను. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి లోకంలోంచి పోయిందని ప్రకటించింది. మన దేశంలో 1975 తరవాత అది లేనే లేదు. రేపు నాకు పుట్టబోయే పిల్లలు ఆ మచ్చలున్న ముఖాన్ని ఎదురుగా చూడబోరు. మా ఇంటి గోడ మీద ఆ రోగానికి మిగిలిన సాక్ష్యం అమ్మమ్మ చెంపలే. కుంచె రెండుసార్లు తిప్పితే ఆ సాక్ష్యం పోతుంది, దానితోపాటు ఆ చెల్లెలి ఊసూ పోతుంది. రష్యాలో స్టాలిన్ పక్కన నడిచిన యెజోవ్ అనే పెద్ద అధికారిని 1940లో చంపేశాక, ఫోటోలోంచి కూడా తీసేసి ఆ చోట కాలవ నీళ్ళు నింపారు. అది పగతో చేసిన పని, చిన్నమ్మది ప్రేమ. నిజమే. కానీ తుడిచేశాక తరవాతివాళ్ళకి మిగిలేది రెండుచోట్లా ఖాళీయే.

అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. కాగితానికి తగిలిన దెబ్బలు బాగుచెయ్యొచ్చు: చెద తిన్న మూల, మడత పడ్డ గీత, తేమ మరక. మనిషికి తగిలినవి మాత్రం మనవి కావు, ముట్టుకోకూడదు. మరి 1963 నాటి పెన్సిలు గీతలో? అవీ ఉంచేశాను. పద్ధెనిమిదేళ్ళ ఆ కొత్త పెళ్ళికూతురికి ఆ ఒక్క ఫోటోలోనైనా నున్నటి చెంపలు కావాలనిపించి ఉంటుంది. ఆ కోరిక కూడా ఆవిడ చరిత్రే కదా! రెండు ఫోటోలూ పక్కపక్కన పటం కట్టించాం. చిన్నమ్మ మొదటిదాన్ని చూస్తుంది, అమ్మ రెండోదాన్ని.

మీ ఇళ్ళల్లోనూ బీరువా అడుగున పాత ఫోటోలు ఉండే ఉంటాయి. పిల్లలు ఫోనులో చిటికెలో తెల్లగా, నున్నగా చేసి చూపిస్తారు. చేసుకోనివ్వండి, ముచ్చటే. కానీ అసలుది మాత్రం అలాగే కాపీ తీయించి విడిగా దాచండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒక మధ్యాహ్నం వాళ్ళ పక్కన కూర్చుని, ఎవరు ఎవరో, ఏ ఊరో, ఏ ఏడాదో అడిగి ఫోటో వెనకాల మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను వద్దు, నొక్కు ముందుకి పడుతుంది. మచ్చ ఎలా వచ్చిందో కూడా ఒక్క ముక్క రాయండి.