దివ్యాంగుల సంరక్షణ: నిర్ణయం ఎవరిది?

ఉదయం ఎన్నింటికి లేవాలి, స్నానం ఎవరు చేయించాలి, బయటకు ఎప్పుడు వెళ్లాలి.. చాలామందికి ఇవి పెద్దగా ఆలోచించాల్సిన విషయాలు కావు. కానీ, మరొకరి సాయం లేనిదే మంచం దిగలేని వారి రోజంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. మన ఇళ్లలో ఆ సాయం చేసేది ఎక్కువగా తల్లి, భార్య లేదా కూతురు. దీంతో వేళలు, పద్ధతులు కూడా వారి వీలును బట్టే నడుస్తుంటాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది దివ్యాంగులు ఉన్నారు. తమ సంరక్షణ ఎలా ఉండాలో నిర్ణయించుకునే హక్కు వీరికి ఉందా?

చట్టం ఏం చెబుతోంది?

ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒప్పందాన్ని భారత్ 2007లో ఆమోదించింది. ఎక్కడ, ఎవరితో జీవించాలో ఎంచుకునే హక్కు దివ్యాంగులకు ఉందని దాని 19వ అధికరణ చెబుతోంది. ఆ ఒప్పందానికి అనుగుణంగా వచ్చిందే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం.

ఫలానా చోటే ఉండాలని దివ్యాంగులను బలవంతపెట్టకూడదని ఈ చట్టంలోని సెక్షన్ 5 చెబుతోంది. ఇంటి వద్ద సేవలు, వ్యక్తిగత సహాయకుల సాయం అందుబాటులోకి తేవాలని కూడా అందులో ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉండి, తమకు ఎక్కువ సాయం అవసరమని భావించేవారు సెక్షన్ 38 కింద దరఖాస్తు చేసుకోవచ్చు. అలాంటి వారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలని సెక్షన్ 24 ప్రస్తావిస్తోంది.

డబ్బు ఎంత, ఎవరి చేతికి?

కేంద్రం ఇందిరా గాంధీ దివ్యాంగుల పింఛను పథకం కింద, 80 శాతం వైకల్యం ఉన్న పేదలకు నెలకు 300 రూపాయలు ఇస్తోంది. మిగతా భారం రాష్ట్రాలదే. తెలంగాణలో పింఛను 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలకు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచారు.

ఇది సంరక్షణ భత్యం పేరుతో ఇస్తున్న డబ్బు కాదు. అయినా, నెలకు 15,000 రూపాయలు వస్తే సహాయకులను పెట్టుకునే ఆలోచన కనీసం చేయొచ్చు. కేరళలోని 'ఆశ్వాసకిరణం' పథకం తీరు వేరు. అక్కడ డబ్బు సంరక్షణ చూసేవారికి వెళ్తుంది. కుటుంబ సభ్యుల శ్రమను గుర్తించడం మంచిదే. కానీ, ఎవరు చూసుకోవాలో ఎంచుకునే వీలు దివ్యాంగులకు దానివల్ల రాదు.

ఇతర దేశాల్లో..

అమెరికాలోని బర్క్‌లీలో 1972లో దివ్యాంగులే నడిపే స్వతంత్ర జీవన కేంద్రం మొదలైంది. స్వీడన్‌లో 1994 నుంచి అమల్లో ఉన్న చట్టం, అర్హులకు గంటల లెక్కన వ్యక్తిగత సహాయకులను హక్కుగా ఇస్తోంది. బ్రిటన్‌ 1996లో చేసిన చట్టంతో, సేవలకు బదులు డబ్బే నేరుగా తీసుకుని సహాయకులను సొంతంగా నియమించుకునే అవకాశం వచ్చింది. ఈ రెండు చోట్లా ముందు అవసరాన్ని అంచనా వేస్తారు, తర్వాత సాయం ఎంతో తేలుస్తారు.

చిక్కు ఎక్కడ?

మన దగ్గర పింఛనుకు కొలమానం వైకల్య శాతం. ఒకే శాతం ఉన్న ఇద్దరిలో ఒకరికి రోజుకు గంట సాయం సరిపోవచ్చు, మరొకరికి రాత్రంతా మనిషి తోడు కావాల్సి రావచ్చు. సర్టిఫికెట్‌లో ఈ తేడా కనిపించదు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2025లో చేపట్టిన పునఃపరిశీలన మాదిరిగా, శాతం మారితే పింఛనూ మారిపోతుంది.

సూరత్ లాంటి చోట్లకు వలస వెళ్లిన తెలుగు కుటుంబాలది మరో సమస్య. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది కానీ, పింఛను రాష్ట్ర పథకం కావడంతో కార్డుతో పాటు వెళ్లదు.

మేధో వైకల్యం ఉన్నవారి విషయంలో 'వారికేం తెలుసు' అంటూ నిర్ణయాలన్నీ ఇంట్లోవాళ్లే తీసుకోవడం మామూలే. సెక్షన్ 14 మాత్రం పరిమిత సంరక్షకత్వం గురించి మాట్లాడుతోంది. అంటే సంరక్షకులు ఆ వ్యక్తితో సంప్రదించి, ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవాలి.