నవ్వును టైపు చేసినావిడ

1963లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గెయిల్ జెఫర్సన్ గుమాస్తా-టైపిస్టుగా చేరారు. జైలు గార్డుల శిక్షణ సమావేశాల టేపులు విని కాగితం మీదికెక్కించడం ఉద్యోగం. చదువు మాత్రం నాట్యం. రెండేళ్ల తర్వాత హార్వీ సాక్స్ పాఠాలకు వెళ్లారు. ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చిన ఫోన్ల రికార్డింగులు ముందు పెట్టుకుని, మామూలు మాటల్లో ఉండే క్రమాన్ని వెతుకుతున్న సామాజిక శాస్త్రవేత్త ఆయన.

టేపు విని రాసేవాళ్లు సాధారణంగా తడబాట్లు, ‘అ...’లు, ‘ఊఁ’లు ఎత్తేసి వాక్యాన్ని చక్కదిద్దుతారు. జెఫర్సన్ వాటిని ఉన్నదున్నట్టు దించారు. అందుకు చాలామటుకు టైప్‌రైటర్ మీదున్న గుర్తులే సరిపోయాయి. కాకపోతే వాటిని వ్యాకరణం నుంచి తప్పించి చెవికి అప్పగించారు. ఫుల్‌స్టాప్ పడిందంటే వాక్యం ముగిసిందని కాదు, గొంతు దిగిందని. కామా ఉంటే ఇంకా ఏదో చెప్పబోతున్న స్వరం. ప్రశ్నార్థకం ఉంటే స్వరం పైకి లేచింది. అన్నది ప్రశ్నే కానక్కర్లేదు. అక్షరం సాగితే కోలన్, ఎంత సాగితే అన్ని కోలన్లు. మాట పుటుక్కున తెగితే అడ్డగీత. ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడినచోట చదరపు బ్రాకెట్. మౌనానికైతే సెకనులో పదో వంతు దాకా లెక్క. గట్టిగా అన్న మాటకు ఇంగ్లిషు పెద్దక్షరాలు వాడారు. మన లిపిలో ఆ సదుపాయం లేదు, తెలుగులో ఈ పని చేసేవాళ్లు వేరే దారి చూసుకోవాల్సిందే.

1974లో సాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లోఫ్‌లతో కలిసి ఆమె ‘లాంగ్వేజ్’ పత్రికలో, సంభాషణలో వంతులు ఎలా మారతాయో చెప్పే వ్యాసం రాశారు. ఆమె గుర్తులు సంభాషణలను పరిశోధించే రంగమంతటా పాకాయి.

ఇంత చాదస్తం ఎందుకని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. 1985లో నవ్వు మీద ఆమె ప్రచురించిన వ్యాసం చదివితే జవాబు దొరుకుతుంది. ‘నవ్వుతూ అన్నాడు’ అని రాసి వదిలేస్తే ఏమీ తెలియదు. నవ్వులోని ఒక్కో ‘హ’నూ అది పడిన అక్షరం పక్కనే రాసి చూస్తే, ఒక వక్త సరిగ్గా మోటు మాట దగ్గరే నవ్వుతో గొంతు మసకబార్చి, అది దాటగానే స్పష్టంగా మాట్లాడినట్టు కనిపించింది. ఆ నవ్వు ఆపుకోలేక వచ్చింది కాదు, మాటను కప్పడానికి వచ్చింది!

వాటర్‌గేట్ కుంభకోణంలో బయటపడ్డ వైట్‌హౌస్ సంభాషణల టేపులనూ ఆమె తన పద్ధతిలో రాశారు. 1974లో వైట్‌హౌస్ విడుదల చేసిన ప్రతిలో మాత్రం బూతులున్నచోట ‘తొలగించాం’ అన్న ముక్కే మిగిలింది.

జెఫర్సన్ 2008లో నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు. ఇవాళ మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు చాలావరకు పాత టైపిస్టుల బాటే పట్టాయి: తడబాటు తీసేస్తాయి, కామాలు వ్యాకరణం చూసి పెడతాయి. అందుకే డాక్టరు, రోగి మాటలను పరిశోధించేవాళ్లు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ప్రతిని పక్కన పెట్టుకుని, టేపును మళ్లీ మొదటి నుంచి వింటున్నారు.