మహిళల టెన్నిసు జట్లు : ఒక చారిత్రక పరిశీలనము

ఆటల చరిత్రను వ్రాయువారు విజేతల పేర్లతో ప్రారంభించి విజేతల పేర్లతోనే ముగించుట పరిపాటి. టెన్నిసు విషయమున ఈ అలవాటు మరింత హెచ్చు. కాని మేటి క్రీడాకారిణులు ఏ కాలమునందైనను కొలదిమందియే యుందురు. సామాన్య గృహిణికి, ఉద్యోగినికి, కళాశాల విద్యార్థినికి ఆ ఆటలో స్థానము కల్పించినది జట్టు. ఆ జట్టు కథ తెలిసికొనదగినది.

1874లో వాల్టర్ వింగ్‌ఫీల్డు ఇంగ్లండులో పచ్చిక టెన్నిసుకు పేటెంటు పొందెను. తోటలలో స్త్రీపురుషులు కలిసి ఆడుకొను వినోదముగా ఆ ఆట వ్యాపించినది. అయినను 1877లో వింబుల్డన్ పోటీలు మొదలైనపుడు ప్రవేశము పురుషులకే. 1884లో మహిళలకు సింగిల్సు ఏర్పడగా 13 మంది పాల్గొనిరి. మాడ్ వాట్సన్ తన అక్క లిలియన్‌ను ఓడించి తొలి విజేత అయినది. నేలనంటు పావడాలతో ఆడిన దినములవి.

ఒంటరిగా ఆడుటకు అనుమతి లభించినది గాని, దేశము పక్షమున జట్టుగా ఆడుటకు చిరకాలము వేచియుండవలసి వచ్చినది. పురుషులకు డేవిస్ కప్పు 1900లోనే ఏర్పడినది. అట్టిదే మహిళలకును ఉండవలెనని అమెరికా క్రీడాకారిణి హేజెల్ వైట్‌మన్ 1919 ప్రాంతమున తలపెట్టి వెండి కలశమును సమర్పించినది. అన్ని దేశములును పాల్గొనవలెనన్న ఆమె కోరిక అపుడు నెరవేరలేదు. 1923 మొదలు 1989 వరకు ఆ పోటీ అమెరికా, బ్రిటన్ల నడుమనే సాగినది. 1963లో లండనులో 16 దేశములతో ఫెడరేషన్ కప్పు ఆరంభమైన నాటికి డేవిస్ కప్పుకు 63 ఏండ్లు నిండినవి! ఆ తొలి ఏట గెలిచిన అమెరికా జట్టులోని బిల్లీ జీన్ కింగ్ పేరనే 2020 నుండి ఆ పోటీ నడచుచున్నది.

దేశముల జట్ల కంటె మన నిత్యజీవనమునకు సన్నిహితమైనది క్లబ్బు జట్టు. అమెరికాలో 1980 ప్రాంతమున విస్తరించిన లీగు పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణము. అందు ఆటగత్తెలను 2.5, 3.0, 3.5 ఇత్యాది శ్రేణులుగా విభజించి, సమాన నైపుణ్యము గలవారినే ఎదురెదురుగా నిలుపుదురు. ఒక్కొక్క పోటీలో తరచుగా రెండు సింగిల్సు, మూడు డబుల్సు ఉండును. అనగా ఒక్క దినమునకు ఎనమండుగురు కావలెను. అయిదింట మూడు గెలిచిన జట్టుదే జయము. కావున మేటి క్రీడాకారిణి ఒక్కతె యున్నంత మాత్రమున చాలదు. మూడవ డబుల్సులో ఆడు గృహిణి గెలుపే జట్టు గెలుపును నిర్ణయింపవచ్చును. ఒకరు రాకున్నచో ఆ ఆట ప్రతిపక్షమునకు పోవును. ‘నీవు తప్పక రావలెను’ అని ఇరుగుపొరుగు స్త్రీ నోట వినుట అనేకులకు ఆటకంటె గొప్ప ప్రోత్సాహము.

మన దేశమున 1934లో బొంబాయికి చెందిన లీలా రో వింబుల్డన్‌లో ఒక ఆట గెలిచిన తొలి భారతీయ మహిళగా ఖ్యాతి గాంచినది. హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా 2015 ఏప్రిలులో డబుల్సునందు ప్రపంచ ప్రథమస్థానము నందుకొన్నది. 2020లో ఆమె యున్న జట్టు మొదటి పర్యాయము ప్లేఆఫ్ దశకు చేరినది. 2025లో పుణె నగరమున జరిగిన ఆసియా–ఓషియానియా పోటీలలో శ్రీవల్లి రష్మిక భమిడిపాటి తన సింగిల్సు లన్నింటను గెలువగా భారతదేశము మరల ఆ దశకు చేరినది. సహజ యమలపల్లియు ఆ జట్టులో నుండినది. మరాఠీ నగరమున తెలుగు ఆడపడుచులు భారతదేశ జట్టు పక్షమున నిలిచిరన్నమాట.

ఈ చరిత్రకు మన కుటుంబములతో సంబంధమేమి? కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలోను, యానాములోను తరతరములుగా స్థిరపడిన మనము మన పండుగలకు, మన సంఘములకు మనవారినే పిలుచుకొందుము. అది భాషను కాపాడుకొనుటకు అవసరమే. కాని ఊరి క్లబ్బులో ఆటల జాబితా తయారగునపుడు మన ఆడపిల్లల పేర్లు అందు కానరాకున్నచో, మనము ఆ ఊర నివసించుచున్నామే గాని ఆ ఊరివారము కాజాలము. డబుల్సు ఆటలో బంతి నడిమికి వచ్చినపుడు ‘నాది’ యని ఒకరు కేక వేయవలెను. ఆ కేక తోడి ఆటగత్తెకు తెలియు భాషలోనే యుండవలెను. ఇంటికి వచ్చి ఆ ఆట ముచ్చటను తెలుగులో చెప్పుకొనుటకు అడ్డేమున్నది?

చదువు ముగిసినంతనే, పెండ్లి యైనంతనే రాకెట్టు అటకెక్కుట మన యిండ్లలో నేటికిని అరుదు గాదు. వంటకు వేళ కుదుర్చుకొనునట్లే ఆటకును వారమునకొక్క సాయంకాలము కుదుర్చుట అత్తమామలకు, భర్తకు అసాధ్యము కాదు. జట్టుకు ఎనిమిదవ మనిషి కావలసి యున్నపుడు ఆమె మన యింటి నుండియే వెళ్ళవచ్చును.