కంటికి చిక్కని కణం

యోని స్రావంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు కనిపిస్తున్నాయని వైద్యుడు జార్జ్ పాపనికొలావు 1928లో చెబితే వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి 1943లో పుస్తకం తెచ్చాకే పాప్ స్మియర్ పరీక్షకు ఆదరణ వచ్చింది.

దాని బలహీనత మాత్రం పుట్టుకతోనే ఉంది. గాజుపలక మీద వేలకు వేల కణాలుంటే, తేడాగా ఉన్నవి ఏ కొన్నో. అవి నమూనాలోకి రాకపోవచ్చు, వచ్చినా అలసిన కంటికి ఆనకపోవచ్చు. ముఖద్వారం లోపలి గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సరైతే మరీ తప్పించుకుంటుంది. అయినా ఈ పరీక్ష ప్రాణాలు నిలబెట్టిందంటే, జబ్బు ముదరడానికి ఏళ్లు పట్టడమే కారణం. ఈసారి తప్పినది మరోసారి దొరుకుతుంది, ఆ మరోసారంటూ ఉంటే! బ్రిటన్‌లో 1960లలోనే పరీక్షలు మొదలైనా, ప్రతి స్త్రీనీ క్రమం తప్పకుండా పిలిచే ఏర్పాటు 1988లో గానీ రాలేదు. అప్పటిదాకా ఆశించిన ఫలితమూ రాలేదు.

ల్యాబులు లేని మన పల్లెలకు, ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్లబారిన చోటును కంటితో పట్టుకునే పద్ధతి వచ్చింది. చౌక, ఫలితం అప్పటికప్పుడే. కానీ వాపున్నా తెల్లబారవచ్చు. ముట్లుడిగినవారిలో చూడవలసిన భాగం లోపలికి జరిగిపోతుంది. తమిళనాడులోని దిండిగల్‌లో ఈ పద్ధతి మరణాలను తగ్గించింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో చెప్పుకోదగ్గ తేడా తేలేదు.

1,31,746 మంది స్త్రీలతో సాగిన ఆ ఉస్మానాబాద్ అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్‌ (హెచ్‌పీవీ)ను వెతికే పరీక్ష ఒక్కసారి చేసిన బృందంలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. వైరస్ లేదని తేలినవారిలో ఎనిమిదేళ్లలో ఒక్కరూ ఈ జబ్బుతో చనిపోలేదు. పరీక్షలు చేయకుండా పోలిక కోసం ఉంచిన బృందంలో 64 మంది చనిపోయారు. విజ్ఞానం కోసమే అయినా, వాళ్లను అలా వదిలేయడం నాకు సమ్మతం కాదు.

జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ 1983లో హెచ్‌పీవీ-16ను గుర్తించడంతో దారి పడిన ఈ పరీక్షకూ హద్దులున్నాయి. వైరస్ ఉన్నంతమాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. చాలామందిలో అది రెండేళ్లలోపే దానంతటదే పోతుంది. ఆ మాట విడమరచి చెప్పేవాళ్లు లేకపోతే, పాజిటివ్ అన్న కాగితం చేతికందిన మనిషి హడలిపోతుంది, లైంగికంగా సోకే వైరస్ కావడంతో ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి. తర్వాత ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే కాల్పోస్కోపీకి పట్నం పోవాలి, కూలి పోగొట్టుకోవాలి. చాలామంది పోరు. పోనివారికి ఎంత మంచి పరీక్షైనా ఒరగబెట్టేదేమీ లేదు.

35 ఏళ్లు వచ్చేలోపు ఒకసారి, 45 ఏళ్లు వచ్చేలోపు మరోసారి నూటికి 70 మంది స్త్రీలకు ఈ పరీక్ష అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లక్ష్యం పెట్టుకుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, మన దేశంలో 30-49 ఏళ్ల వారిలో ఎప్పుడైనా ఒక్కసారి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.