తాగకపోతే మంచోడేనా?

మన గూడేల్లో దెబ్బలు తిన్న ఆడపిల్ల పుట్టింటికి వస్తే పెద్దలు అనే మాట ఒకటుంది: "తాగకపోతే మంచోడే." ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే సారా చరిత్ర తిరగేయాలి.

కల్లు, ఇప్పసారా మనకు కొత్త కాదు. దేవరకు ధారపోసి, పండగకూ పెళ్లికీ చావుకూ ఆడా మగా కలిసే తాగేవాళ్లం. ఇంగ్లీషువాళ్ల అబ్కారీ చట్టం ఇంటికోసం కల్లు గీసుకోవడాన్నీ అడ్డుకుంది. ఆ హక్కును గుత్తేదార్లకు అప్పగించింది. 1879లో రంప తిరుగుబాటు రేగడానికి ఆ కల్లు పన్ను ఒక ముఖ్య కారణం. తర్వాతి ప్రభుత్వాలకూ సారా రాబడిగానే మిగిలింది. పండగనాటి తాగుడు రోజుకూలిని మింగే తాగుడయింది.

ఈ బాధ మైదానంలోనూ ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లి అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో, భర్త తరచూ తాగి ఉండే ఆడవాళ్లలో 100కి 70 మంది అతని హింసకు గురయ్యారు. భర్త తాగని ఇళ్లలోనూ 23 మంది గురయ్యారు. అంటే తాగుడు హింసను పెంచుతోంది, కానీ హింసకు వేరు ఇంకా లోతున ఉంది. తాగినవాడు షావుకారు మీద చెయ్యెత్తడు. ఇంటికొచ్చి ఆలినే కొడతాడు. ఎవరిని కొడితే అడిగేవాళ్లు లేరో మత్తులోనూ అతనికి తెలుసు.

అమ్మను నాన్న కొడుతుంటే చూస్తూ పెరగడం, ఓలి ఇచ్చి తెచ్చుకున్నానన్న ధీమా, కట్నం ఆశ, అనుమానం, అప్పులు, ఆలిని కొట్టడం మగవాడి హక్కన్న నమ్మకం. ఇవన్నీ కలిసే చెయ్యి లేపుతాయి. అయితే అలా చూస్తూ పెరిగిన ప్రతి పిల్లవాడూ కొట్టేవాడు కాడు. అందుకే బడిలో మన మాటకు విలువుంది.

ఆడది మగనిని వదిలి వస్తే ఓలి తిరిగి కట్టి, మారుమనువు చేసే ఆచారం మన తెగల్లో చాలావాటికి ఉంది. బయటికి వచ్చే దారి మన పెద్దలే ఉంచారు. 2005 గృహహింస చట్టం దానికి తోడైంది. పంచాయతీలో ఇన్నాళ్లూ "ఎంత తాగాడు?" అని అడిగాం. ఇకమీదట "ఎందుకు చెయ్యెత్తాడు?" అని అడుగుదాం.