తలుపులున్న టీవీ

పాతకాలపు టీవీ పండగ కార్యక్రమాల చరిత్ర ఉగాది సంచికకు కావాలని గురువారం ఫోను, శనివారం గడువు. చరిత్ర కదా, రాయలవారి భువనవిజయం నుంచే ఎత్తుకుందాం. 1565లో తళ్లికోట పోరు ముగిశాక రాజధాని మన పెనుకొండ చేరింది. కొలువు చెదిరింది. ఆపైన పండగ వినోదాన్ని హరికథలు, బుర్రకథలు, తోలుబొమ్మలాటలు మోశాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ తోళ్లు చెక్కుతున్నారు. వెలుగుతున్న తెర ముందు ఊరంతా కూర్చోవడం మనకు కొత్తేమీ కాదు. అక్కడికి నాలుగు శతాబ్దాలు అయిపోయాయి.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. ఆ ఏడే మన ఇల్లూరు సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి అయ్యారు. మా ఊరు తలుపుల. అక్కడ మా వీధికి టీవీ చేరడానికి మాత్రం ఇంకో పదేళ్లు పట్టింది. మా తాతది. చెక్కపెట్టె, పక్కలకు జరిగే తలుపులు, వాటికొక తాళం.

ఉగాదినాడు ఓళిగలు తిని, నేతిచేతులతోనే జనం వసారాలో చేరేవాళ్లు. ఒకడు మిద్దెపైన యాంటెనా కడ్డీ పట్టుకోవాలి.

"వచ్చెనా?"

"యాడొచ్చె! ఇంకొంచెం కదిరి దిక్కు తిప్పప్పా!"

పిల్లలం మేము పాటల కోసం కాచుకునేవాళ్లం. పెద్దలకు కావలసింది పంచాంగ శ్రవణం, అందులోనూ ఒక్క మాట: ఈ ఏడు వానెంత? ఒకసారి సిద్ధాంతిగారు సముద్రానికిన్ని భాగాలు, కొండలకిన్ని భాగాలు అని పంచుకుంటూ వచ్చి "ఇక భూమికి..." అనగానే కరెంటు పోయింది. శెనక్కాయ విత్తనం ఎంత కొనాలన్నది ఆ అంకె మీదే ఉంది. కరెంటొచ్చేసరికి కవిసమ్మేళనం మొదలై, కవులు వరసపెట్టి కోకిలను పిలుస్తున్నారు. తాత తలుపులు మూసి తాళం వేశాడు. ఆంజనేయస్వామి గుడికి పోయి అడిగితే రెండు భాగాలన్నాడు అయ్యవారు. "టీవీలో ఆయప్ప మూడు చెప్పబోతుండె" అని తాత ఆ ఏడంతా వాదించాడు. ఆ ఏడు కాయ ఊరలేదు.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. అక్కడినుంచి ఈ కథ నా చేతికి చిక్కడంలేదు. పండగ కార్యక్రమాన్ని పండగకు ముందే తీసి పెట్టుకుంటున్నారు, హీరోగారు ఉగాది పచ్చడి నాలుకకు తాకించి తన సినిమా విడుదల తేదీ చెప్పిపోతున్నారు. రాష్ట్రం విడిపోయాక దూరదర్శనే యాదగిరి, సప్తగిరి అని రెండైంది. 2022లో మా జిల్లా కూడా చీలింది. టీవీ ఫోన్లోకి పోయింది.

తాత పెట్టెలోని గొట్టం ఎప్పుడో తీసేశారు. చిన్నాన్న అందులో శెనక్కాయ విత్తనం దాస్తున్నాడు. తలుపులు ఇప్పటికీ బిగుతుగా పడతాయి, ఎలుకలు దూరవు.